ఈల నుండి రాగం వరకు

రాత్రి భోజనాలు ముగించి, దీపం తగ్గించి, రేడియో ముందు కూర్చుండి మీడియం వేవుపై ముల్లును మెల్లగా త్రిప్పిన అనుభవం మా శ్రోతలలో పెద్దలందరికీ ఉండియే ఉండును. ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి పోవు దారిలో సన్నని ఈల ఒకటి వినిపించెడిది. కొన్ని పెట్టెలలో ముల్లుతో పాటు ఆ ఈల కూడ పైకి ప్రాకి, క్రిందికి జారెడిది. అది దోషమని విసుగుకొని మనమంతా ముల్లును ముందుకు నడిపినవారమే. నేటి మా ప్రసంగం ఆ ఈలను గురించినది. ఒక వాద్యజాతి అంతయు ఆ ఈలలో నుండియే పుట్టినదని మనవి చేయుట మా ఉద్దేశము.

ఆ ఈల ఎక్కడిది? విజయవాడ కేంద్రాన్ని 837 కిలోహెర్ట్జులపై విన్నవారము కదా. అనగా ఆ తరంగం సెకనుకు 8 లక్షల 37 వేల సార్లు కంపించును. మన చెవికి అది అందదు. రాత్రి వేళ దూరదేశము నుండి 838 కిలోహెర్ట్జుల తరంగం ఒకటి వచ్చి దానితో కలిసినదనుకొందము. అదియు చెవికి అందదు. కాని రెంటికి నడుమ ఉన్న తేడా సెకనుకు 1000 కంపనాలు. ఆ తేడా చెవికి చక్కగా అందును. వినరాని రెండు కలిసి వినదగిన ఒకటి పుట్టినది. అదే ఈల.

రష్యా దేశములో లియోన్ థెరిమిన్ అను యువ శాస్త్రజ్ఞుడు 1920లో ఈ సూత్రము మీదనే ఒక వాద్యమును నిర్మించినాడు. పెట్టెకు ఒక లోహపు కడ్డీ ఉండును. వాదకుడు దానిని తాకడు. చేతిని కడ్డీకి దగ్గరగా తెచ్చిన కొలది స్వరము హెచ్చును. దూరము చేసిన కొలది తగ్గును. తీగ లేదు, మెట్టు లేదు, రంధ్రము లేదు. గాలిలో చేయి కదలుటయే గానము. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. విద్యుత్తు పలికిన ఆ తొలినాటి వాద్యమునకు మెట్లు లేవు.

అటు తరువాత ఈ సంగీతము పెరిగినది రేడియో స్టూడియోలలోనే. పారిస్ రేడియోలో పనిచేయుచుండిన పియర్ షేఫర్, రైలు చప్పుడు మొదలైన శబ్దాలను కూర్చి చేసిన రచనలను 1948 అక్టోబరు 5న ప్రసారము చేసినాడు. అదే సంవత్సరం డిసెంబరు 1న మన విజయవాడ కేంద్రం గొంతు విప్పినది. 1951లో కొలోన్ రేడియో, 1955లో మిలాన్, టోకియో కేంద్రాలు, 1958లో బి.బి.సి. ఇందుకై ప్రత్యేకముగా కర్మశాలలు నెలకొల్పినవి. కారణము సులభమే. స్వరమును పుట్టించు ఆసిలేటరు, స్వరమును వడకట్టు ఫిల్టరు, స్వరమును పట్టి ఉంచు టేపు యంత్రము, ఈ మూడును అంతకు ముందే ఇంజనీర్ల గదిలో పరీక్షల కొరకు ఉన్నవి. ఇంజనీరు పనిముట్టును వైణికుని చేతికిచ్చుటయే క్రొత్తగా జరిగినది.

1960ల నడుమ అమెరికాలో రాబర్ట్ మూగ్, డాన్ బుక్లా అను ఇద్దరు వేరువేరుగా ఈ పరికరాలన్నిటిని ఒక చట్రములో అమర్చినారు. మూగ్ బాల్యము నుండి థెరిమిన్ వాద్యాలను తయారు చేసినవాడే. ఈ యంత్రమునకు సింథసైజరు అని పేరు. దాని పనితీరు కృష్ణా డెల్టా రైతునకు చెప్పినంత తేలికగా మరెవరికిని చెప్పలేము.

ప్రకాశం బారేజీ దగ్గర నిలువ ఉన్న నీటిని తలచుకొనండి. ఆసిలేటరు అటువంటిది. అందులో నుండి రంపపు పళ్ళ ఆకారము గల నిండు నాదము ఎడతెగక వచ్చుచుండును. అందులో అన్ని అనుస్వరాలును కలసి ఉండును; చెవికి గరుకుగా తోచును. ఫిల్టరు లాకు తలుపు వంటిది. దానిని దించినచో పై అనుస్వరాలు ఆగిపోయి నాదము మెత్తబడును, ఎత్తినచో తళుక్కుమనును. మూడవది నాదము యొక్క ఆయువును నిర్ణయించు భాగము. గుడిగంట కొట్టగానే ఒక్కసారి మ్రోగి క్రమముగా క్షీణించును. నాదస్వరము ఊదినంతసేపు నిలుచును. ఈ తేడాను ఈ భాగము చేసిపెట్టును. ఇక ఏ కాలువను ఏ పొలమునకు త్రిప్పవలెనో నిర్ణయించునది తీగలు. ఒక భాగములో నుండి తీగ తీసి మరొక భాగములో గ్రుచ్చుటచే నాదము దారి మారును. బందరు కాలువకు పోవలసిన నీటిని ఏలూరు కాలువకు త్రిప్పినట్లే. తలుపులు ఎత్తి దించు లస్కరు పనిని ఇచ్చట చిన్న విద్యుత్పీడనము చేయును. కనుకనే ఒక ఆసిలేటరు మరొక ఆసిలేటరుకు లస్కరు కాగలదు. మొదటిది సెకనుకు ఐదారు సార్లు ఊగినచో రెండవదాని స్వరము కంపించును.

ప్రతిధ్వని చేయు విధము మరింత సరళము. సెకనుకు 7.5 అంగుళాల వేగముతో నడచు టేపుపై, పట్టు తలకు వినిపించు తలకు నడుమ రెండు అంగుళాలు ఎడమున్నచో, పలికిన మాట సుమారు పావు సెకను ఆలస్యముగా తిరిగి వచ్చును. దానినే మరల మరల టేపు మీదికి పంపినచో కొండల నడుమ పిలిచిన పిలుపు వలె తగ్గుచు తగ్గుచు మ్రోగును.

ఇంతవరకు యంత్రము మాట. ఇక మనుష్యుల మాట.

ఒక పర్యాయము తెనాలి ప్రాంతము నుండి పద్యనాటకము వినిపించుటకు ఒక సమాజమువారు మా వద్దకు వచ్చినారు. రికార్డింగు ముగిసిన పిమ్మట వారి హార్మోనియం మాస్టారు వెనుక నిలిచిపోయినారు. డెబ్బది దాటిన వృద్ధులు. వారి కుమారుడు వాయిదాల మీద కీబోర్డు కొన్నాడట. నాటకము పెట్టించువారు, "ఆ అబ్బాయి ఒక్కడు చాలును, వయొలిన్ వద్దు, తబలా వద్దు, మీరును శ్రమపడవద్దు" అన్నారట. మాస్టారు మమ్ము అడిగినారు: "అయ్యా, ఒకప్పుడు ఈ హార్మనీ పెట్టెకు రేడియోలో ప్రవేశము లేదన్నారు. మెట్లు తప్ప గమకము లేదన్నారు. ఇప్పుడు వచ్చిన ఈ పెట్టెకును మెట్లే కదా. దీనికేమంటారు?"

మేము వెంటనే సమాధానము చెప్పలేకపోయినాము. ఆయన అడిగినది నిజము. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించినది. ఆ నిషేధము సడలినది 1971లో. ఆ ముప్పది యేండ్లు మన డెల్టా గ్రామాలలో హార్మోనియం లేనిదే తెర లేవలేదు. మైలవరం బాలభారతీ సమాజము నాటి నుండి పద్యానికి ప్రాణము ఆ పెట్టెయే. నటుడు రాగము తీయుచుండగా వెంట నడచి, అతడు ఊపిరి తీసికొనునప్పుడు శ్రుతిని నిలిపి, "ఒన్స్ మోర్" కేకలు లేచినప్పుడు మరల ఎత్తుగడ నందించినవారు ఈ మాస్టారులే.

అయితే నిషేధించినవారి వాదములో సత్యము లేకపోలేదు. మోహన రాగమును మెట్లపై కొంతవరకు ఒప్పించవచ్చును. తోడి రాగములో గాంధారము మెట్టు మీద నిలువదు. అది రిషభమునకు, మధ్యమమునకు నడుమ ఊగుచు బ్రతుకు స్వరము. దానిని ఒక మెట్టుపై నొక్కి ఉంచినచో గాంధారము ఉండును గాని తోడి ఉండదు.

ఇచ్చట ఒక విషయము విచారింపవలెను. ఈ దోషము విద్యుత్తుదా, మెట్లదా? మూగ్ యంత్రములో ఒక వోల్టు హెచ్చించినచో స్వరము సరిగా ఒక స్థాయి హెచ్చును. ఆ వోల్టును పండ్రెండుగా ఖండించినది మెట్ల పలక మాత్రమే. వోల్టు దానంతట అది గీత వంటిది. ఎచ్చట కావలసిన అచ్చట ఆగును, ఎంత కావలసిన అంత జారును. బుక్లా అందుకనియే తన యంత్రమునకు పియానో మెట్లు పెట్టుటకు ఇష్టపడలేదు. కనుక గమకమునకు శత్రువు విద్యుత్తు కాదని తేలుచున్నది.

ఇందుకు నిదర్శనము దూరదేశమున వెదకనక్కరలేదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేసినాడు. వయస్సు తొమ్మిదేండ్లు. చేతిలో ఉన్నది మాండొలిన్. మామూలు మాండొలిన్‌లో మీటిన నాదము రెప్పపాటున ఆరిపోవును. గమకము పూర్తి కాకముందే తీగ మూగబోవును. శ్రీనివాస్ జంట తీగలను విడిచి, ఐదు ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టినాడు. అయస్కాంతపు పికప్ తీగ కంపనమును పట్టి పెద్దది చేయుటచే నాదము నిలిచినది. నిలిచిన నాదము మీద వ్రేలు జరిగినది. జరిగిన వ్రేలికి తోడి లొంగినది. 2014 సెప్టెంబరులో ఆయన కన్నుమూయునాటికి మాండొలిన్ కర్ణాటక వాద్యము కాదనువారు లేకపోయిరి. గమకమును హరించునని భయపడిన విద్యుత్తు, గమకమునకు ఊపిరి పోసినది.

మన దేశములో సింథసైజరు చరిత్రయు చిన్నది కాదు. 1954 నాటి "నాగిన్" చిత్రములో పాముబూర అనుకొని మనము మైమరచి విన్న నాదము క్లావియొలిన్ అను విద్యుద్వాద్యము మీద కల్యాణ్‌జీ పలికించినది. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు మూగ్ సింథసైజరు వచ్చినది. అమెరికన్ సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ ఆ స్టూడియోను అమర్చినాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయ్, ఐ. ఎస్. మాథుర్ మొదలైనవారు 1972 వరకు అందులో రచనలు చేసినారు. ఆ టేపులు దశాబ్దాలు మరుగున పడియుండి 2023లో రికార్డుగా వెలువడినవి. 1982లో బొంబాయి వాదకుడు చరణ్‌జిత్ సింగ్ మూడు రోలాండ్ యంత్రాలతో పది రాగాలను రికార్డు చేసినాడు. అందులో ఒక యంత్రమునకు స్వరము నుండి స్వరమునకు జారు సదుపాయము కలదు. రాగమునకు అక్కరకు వచ్చినది ఆ జారుడే. తెలుగు చిత్రసీమలో రాజ్–కోటి ద్వయము కీబోర్డులను విరివిగా వాడినారు. నేడు ఎ. ఆర్. రెహమాన్‌గా ప్రఖ్యాతుడైన వారు అప్పట్లో దిలీప్ పేరుతో వారివద్ద కీబోర్డు వాయించినవారే.

కాని మాస్టారి ప్రశ్నలో రెండవ భాగము మిగిలియే ఉన్నది. "ఒక్కడు చాలును" అన్న మాట అది. యాభై మంది వాదకులు కూర్చున్న రికార్డింగు హాలులో ఐదుగురు మిగిలినప్పుడు, వెలుపలికి నడచిన నలుబది ఐదుగురికి యంత్రము సమాధానము చెప్పదు. మనుష్యులే చెప్పవలెను. వయొలిన్ నాదమును పెట్టెలో దాచవచ్చును. ఎదుటివాని పద్యము విని కమాను ఆపు వివేకమును దాచలేము. చవుక అని వాద్యకారుని మానిపించువారు తాము వదలుకొనునది ఏమో తెలిసి వదలుకొనవలెనని మాత్రమే మేము చెప్పగలము.

ఆనాడు ఆ యువకుడు కీబోర్డును స్టూడియోకు తెచ్చియే ఉన్నాడు. మాస్టారు కూర్చుండి, తోడి గాంధారము పట్టుమన్నారు. కుమారుడు మెట్టు నొక్కినాడు. "అది కాదు" అన్నారు. పెట్టె ఎడమ అంచున స్వరమును వంచు చిన్న చక్రము ఒకటి కలదు. కుడిచేత మెట్టు పట్టి, ఎడమచేత చక్రము కదలింపుమని మేము సూచించినాము. మొదట అది వణికినది. పిదప మితిమీరి జారినది. మాస్టారు కన్నులు మూసికొని, గొంతుతో పాడి చూపుచు, "ఇంకా క్రిందికి... ఆగు... ఇప్పుడు లేపు" అనుచు అరగంట సేపు నడిపించినారు. చివర ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గాంధారము ఊగవలసినట్లు ఊగినది. మాస్టారు ఏమియు అనలేదు. తమ హార్మోనియం పెట్టెను దగ్గరకు లాగికొని శ్రుతి కలిపినారు.

పెట్టెలో ఉన్నది నాదము మాత్రమే. రాగము ఆ వృద్ధుని చెవిలో ఉన్నది. ఆ చెవి ఉన్నంతకాలము దానివద్ద కూర్చుండి నేర్చికొనుటయే క్రొత్త పెట్టె కొన్న ప్రతి యువకుడు మొట్టమొదట చేయవలసిన పని. మీ ఇంట అటకపై పాత రేడియో ఉన్నచో ఈ రాత్రి దింపి చూడుడు. ముల్లు త్రిప్పునప్పుడు ఈల వినిపించినచో, ఈసారి విసుగుకొనక ఒక్క క్షణము ఆగి ఆలకించుడు.