లెక్కలో లేని వలస



రేపు ఎంతమంది గల్ఫ్‌కి పోతారో ఆర్థికవేత్తలు మోడల్ కట్టి చెప్తారు. రెండుచోట్ల కూలి తేడా, దూరం, ఇంతకుముందు పోయినవాళ్ల సంఖ్య కలిపి అంచనా వేస్తారు. మన దగ్గర ఆ సంఖ్యకి పెద్ద ఆధారం 1983 వలస చట్టం కింద ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్సులు. పదో తరగతి పాసైతే అవి అక్కర్లేదు. విజిట్ వీసా మీద పోయి ఇంటిపనిలో చేరిన చెల్లి కూడా అందులో కనపడదు.

కూలి తేడా ఎంతున్నా, ఏజెంటుకి కట్టే డబ్బు లేని యానాది కుటుంబానికి కైకలూరు చేపల చెరువుగట్టే గల్ఫ్.

లెక్కలో లేనివాళ్లు అంచనాలో ఉండరు. వాళ్లకి శిక్షణా రాదు, సాయమూ రాదు.

అందుకే మన పేటల్లో ఇంటింటికీ తిరిగి మనమే రాద్దాం: ఎవరు, ఎక్కడికి, ఏ వీసా మీద, ఎంత అప్పుతో.

జై ఆదివాసీ!