తెరచాప పడవలో తూకం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మందుల బిల్లుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీరు ఆదివారాలు హుస్సేన్ సాగర్ గట్టున పడవలు చూస్తూ కూర్చుంటారట, ఆ సంగతులు చెప్పండి" అన్నారు. నేను వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి చార్జ్‌మన్‌గా రిటైరయినవాణ్ణి. తెరచాప పడవ గురించి నాకు తెలిసినదంతా మనవరాలిని శిక్షణకు దింపుతూ, తీసుకువస్తూ నేర్చుకున్నదే. అయితే ఇనుముతో ముప్పయ్యేళ్లు కాపురం చేసినవాడికి ఈ విద్య తొందరగానే ఒంటబట్టింది. ఎందుకంటే ఇదంతా బరువు ఎక్కడ ఉంది, తోపు ఎక్కడ పడుతోంది అన్న లెక్కే.

మా అమ్మాయి కూతురు నడిపే పడవను ఇల్కా అంటారు. 2019 వరకు దాని పేరు లేజర్. కెనడా దేశస్థుడు బ్రూస్ కిర్బీ గీసిన నమూనా. పొడవు 4.23 మీటర్లు, ఖాళీ పడవ బరువు సుమారు 59 కిలోలు. నడిపేది ఒక్కరే. అంటే చాలాసార్లు పడవ కన్నా మనిషే బరువు! మన స్కూటరు వెనుక గ్యాసు సిలిండరు కట్టుకుని వెళ్లినప్పుడు హ్యాండిలు ఎలా తేలిపోతుందో అందరికీ అనుభవమే. అలాంటిది మోసేదానికన్నా మోయబడేది ఎక్కువ తూగితే, ఆ మనిషి జానెడు జరిగినా పడవ నడక మారిపోతుంది.

గాలి పల్చగా ఉన్న పూట పిల్లలు ముందుకు జరిగి, పడవ మధ్యలో నీళ్లలోకి దింపే పలక దగ్గరగా కూర్చుంటారు. అప్పుడు వెనుక భాగం కాస్త పైకి లేస్తుంది. వెనుక కూర్చుంటే ఆ చెక్క నీళ్లను ఈడ్చుకుంటూ బుడబుడమని చప్పుడు చేస్తుంది. చప్పుడు వినబడిందంటే వేగం పోతున్నట్టే. గాలి హెచ్చితే పని వేరు. పాదాలు పట్టీ కింద దూర్చి, నడుం పడవ అంచు బయటికి వేలాడేసి, పడవను చదునుగా నిలబెట్టాలి. గాలి వెనుక నుంచి గట్టిగా తోస్తుంటే వెనక్కు జరగాలి, లేకపోతే ముక్కు నీళ్లలో దిగబడుతుంది.

పడవను చదునుగా ఎందుకు ఉంచాలో నాకు మొదట అర్థం కాలేదు. ఒరిగి పరుగెత్తే పడవే చూడటానికి అందంగా ఉంటుంది. కాని ఒరిగినప్పుడు తెరచాప మీద గాలి తోపు పక్కకు, నీళ్ల మీదికి పోతుంది. నీటి ఈడ్పు మాత్రం పడవ దగ్గరే ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎడం పెరిగేకొద్దీ పడవ ముక్కు గాలి వైపు తిరగజూస్తుంది. దాన్ని ఆపడానికి చుక్కాని అడ్డం పెట్టాలి. చుక్కాని అడ్డం పెట్టడమంటే బ్రేకు నొక్కి యాక్సిలరేటరు తిప్పడమే.

ఇంకొకటి. బరువు పడవ రెండు కొనల్లో ఉండకూడదు. కావడి మోసేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. బిందెలు కొనల్లో వేలాడుతుంటే గబుక్కున తిరగలేడు, ఊపు ఆగదు. పడవ కూడా అలాగే అలకొకసారి తల ఊపుతూ వేగం పోగొట్టుకుంటుంది. పడవ లోపల చేరిన నీరు మరీ ప్రమాదం. పళ్లెంలో చారులాగా, పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి ఇంకా ఒరిగిస్తుంది.

బరువు మరీ పైన ఉంటే ఏమవుతుందో చెప్పడానికి స్వీడన్ రాజుగారి వాసా ఓడ చాలు. 64 ఫిరంగులు ఎక్కించారు. ముందుగా 30 మంది నావికుల్ని డెక్కు మీద ఇటూ అటూ పరుగెత్తించి చూస్తే, ఓడ అంతగా ఊగిందని పరీక్షనే ఆపేశారు, ప్రయాణం మాత్రం ఆపలేదు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో బయలుదేరి, కిలోమీటరున్నర కూడా వెళ్లకుండా ఒక గాలి తెరకు ఒరిగి, తెరచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు చేరి మునిగింది. 1961లో పైకి తీశారు.

ఇక తెరచాప సంగతి. ఇల్కా కొయ్యకు చుట్టూ కట్టే తీగలుండవు. మూడు తాళ్లతోనే తెరచాప ఆకారం మార్చుకోవాలి. కింది అంచును బిగిస్తే తెరచాప బోర్లించిన పళ్లెంలా చదునవుతుంది, వదిలితే మూకుడులా పొట్ట పెరిగి ఎక్కువ తోపునిస్తుంది. కొయ్య వెంబడి కిందికి లాగితే పొట్ట ముందుకు జరిగి, పై భాగం తెరుచుకుని అదనపు గాలిని వదిలేస్తుంది. మూడోది బూమును కిందికి పట్టి కొయ్యనే వంచుతుంది. ఇద్దరెక్కే 420, 470 పడవలకు తీగలుంటాయి. వాటిలో కొయ్యను వెనక్కు వాలిస్తే గాలి తోపు కూడా వెనక్కు జరిగి, ముక్కు గాలి వైపు లాగడం ఎక్కువవుతుంది. అందుకని టేపు పెట్టి కొయ్య కొన నుంచి పడవ వెనుక అంచుకు కొలుస్తారు. కొద్ది సెంటీమీటర్ల తేడాకు వాళ్లు పడే తగవులు చూస్తే మా వర్క్‌షాపే గుర్తొస్తుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మనవరాలు ఇల్కా 4లో పోటీ చేసేది. దాని తెరచాప 4.7 చదరపు మీటర్లు, తేలికగా ఉండే పిల్లలకు బాగా నప్పుతుంది. పదిహేనో ఏట పిల్ల పొడుగైంది, 60 దాటింది. పల్చటి గాలిలో వెనకబడసాగింది. శిక్షణ ఇచ్చేవారొకరు "బరువు తగ్గించు" అన్నారట. ఇంట్లో రాత్రి అన్నం మానేసింది. ఒక పోటీ రోజున నీళ్ల మధ్య కళ్లు తిరిగి బూము తలకు తగిలించుకుంది. అల్లుడు "ఇంకొక నాలుగు కిలోలు తగ్గితే సర్దుకుంటుంది" అన్నాడు. అల్లుడి ముందు మామగారు గొంతు పెంచకూడదంటారు. ఆ రోజు పెంచాను. ఎదిగే పిల్ల ఒళ్లు తగ్గించడమేమిటి, తెరచాప పెంచక?

విశేషమేమిటంటే పడవ మార్చనక్కరలేదు. అదే పడవకు కొయ్య కింది ముక్క, తెరచాప మారిస్తే ఇల్కా 6 అవుతుంది, 5.76 చదరపు మీటర్లు. ఇల్కా 7కు 7.06, అది 80 కిలోల మనుషులది. చిన్న తెరచాపకు కొయ్య కింది ముక్కను పొట్టిగా, కాస్త వెనక్కు వంచి చేస్తారు. తెరచాప చిన్నదైతే గాలి తోపు ముందుకు జరుగుతుంది కనుక ఆ వంపు దాన్ని వెనక్కు తెచ్చి చుక్కానిని సరిగా ఉంచుతుంది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన నేహా ఠాకూర్ ఇల్కా 4లో రజతం, విష్ణు శరవణన్ ఇల్కా 7లో కాంస్యం తెచ్చారు. ఇద్దరి కిందా ఉన్నది ఒకే ఆకారపు పడవ.

నా పెన్షన్ ఎరియర్స్‌లోంచి వాడిన తెరచాప ఒకటి, కింది ముక్క ఒకటి కొన్నాం. పిల్ల మళ్లీ రాత్రి అన్నం తింటోంది. మొదటి నెల కొత్త తెరచాప బలానికి రెండుసార్లు పడవ బోర్లా పడింది, "తాతయ్యా, తాడు వదలటం ఆలస్యమైంది" అంది.

మీ మనవలెవరైనా నేర్చుకుంటామంటే ముందు ఈత, తర్వాత లైఫ్ జాకెట్, తర్వాత మిగతావి. జాకెట్ పిల్ల బరువుకు తగిన సైజుది కొనండి, పెరుగుతారు కదా అని పెద్దది కొనవద్దు. గాలి దెబ్బ తగలగానే తెరచాప తాడు వదిలేయడం మొదటి రోజే నేర్పమని అడగండి. ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం. సెలవు.