పూలకుండీ కింద రొయ్యల చుట్టాలు



తడి ఆరని పూలకుండీని ఒకసారి పక్కకు జరిపి చూడండి. దాని కింద బూడిదరంగులో, బియ్యపుగింజంత జీవులు కొన్ని చెదిరి పరుగెడతాయి. వాటిలో కొన్ని జాతులు ముట్టుకోగానే మిరియపుగింజలా ముడుచుకుంటాయి. శాస్త్రజ్ఞులు వీటిని ఐసోపాడ్లు అంటారు.

పోయిన వేసవిలో మా మనవడు వీటిని ఓ పది పట్టి గాజుసీసాలో వేశాడు. ఎండుటాకులు వేసి, మూతకు చిల్లులు పొడిచి, కిటికీలో పెట్టాడు. మర్నాటికి అన్నీ చచ్చిపడి ఉన్నాయి. "తాతయ్యా, తిండి పెట్టాను, గాలి ఆడనిచ్చాను. మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగాడు.

జవాబు వాటి పుట్టుకలోనే ఉంది. ఇవి కీటకాలు కావు. రొయ్యలకు, పీతలకు దగ్గర చుట్టాలు. కోట్ల ఏళ్ల కిందట వీటి పూర్వులు సముద్రం విడిచి నేలకెక్కాయి గాని, తడి అవసరాన్ని మాత్రం వదిలించుకోలేదు. పొట్ట అడుగున, వెనుకభాగంలో ఉండే పలుచని రేకులతో ఇవి ఊపిరి తీసుకుంటాయి. ఆ రేకులు తడిగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది. పైగా కీటకాలకు ఉన్నట్టు ఒంటిలోని నీరు ఆరిపోకుండా ఆపే మైనపు పూత వీటికి సరిగా లేదు. మావాడు తిండి పెట్టాడు గాని తడి పెట్టలేదు. ఎండ మిగతా పని చేసింది.

తర్వాత ఇద్దరం కలిసి మరో సీసా సిద్ధం చేశాం. అడుగున రెండు వేళ్ల మందం మట్టి, పైన ఎండుటాకులు, ఒక పుచ్చిన కట్టెముక్క. ఒక పక్క తడిపి, రెండో పక్క పొడిగా వదిలాం. తనకు కావలసిన చోటును అదే వెతుక్కుంటుంది. పెంకు గట్టిపడడానికి సున్నం కావాలి గనుక కోడిగుడ్డు పెంకు నలిపి వేశాం. సీసాను నీడన పెట్టాం. అప్పుడప్పుడు ఒక దోసకాయ ముక్క వేసి, బూజు పట్టకముందే తీసేసేవాళ్లం.

ఆ సీసా మాకు చాలా చూపించింది. ఐసోపాడ్ చర్మాన్ని రెండు విడతలుగా విడుస్తుంది. ముందు వెనుకసగం, కొద్దిరోజులకు ముందుసగం. తల్లి గుడ్లను పొట్ట కింది సంచిలో మోస్తుంది. పిల్లలు ఆరు జతల కాళ్లతో బయటికి వస్తాయి. ఏడో జత తర్వాత మొలుస్తుంది.

పడమటి కనుమల దగ్గర ఉండే శ్రోతలకు ఒక మాట. అక్కడ ఉండలా చుట్టుకునే రోకలిబండలూ ఉన్నాయి. కాళ్లు చూడండి. పెరిగిన ఐసోపాడ్‌కు ఏడు జతలే. రోకలిబండకు చాలా ఖండాలకు రెండేసి జతలుంటాయి.

రాలిన ఆకులను నమిలి, మట్టిలో కలిసేందుకు తోడ్పడేవి ఇవి. ఎప్పుడైనా లేత మొలకలను కొరికినా, చేసే మేలే ఎక్కువ. ఈ మధ్య థాయ్‌లాండ్ వంటి దేశాల రంగురంగుల జాతులను కొని పెంచేవారున్నారు. అలాంటివాటిని మన తోటల్లో వదలకూడదు.

వానలు మొదలయ్యాక మావాడు సీసా తీసుకెళ్లి, పట్టిన కుండీ కిందే, పిల్లలతో సహా అన్నిటినీ వదిలాడు. కుండీని మెల్లగా దించాడు.