బడి రిజిస్టరులో రెండు గడులు

(గద్వాల దగ్గరి ఒక ఊరి కథోలిక ప్రాథమిక బడిలో, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడి గురించి నాలుగు ముచ్చట్లు చెప్పమని నన్ను పిలిచిండ్రు. ముందు మంచి ముచ్చట చెప్త. బడి పండుగ నాడు మన పిల్లలు బాబాసాహెబు నాటకం వేసిండ్రు. కోటు పొడుగై కాళ్లకు తట్టుకుంటున్నా ఆ పిల్లగాడు ఒక్క మాట తప్పలే. వాళ్ల నాయిన హైదరాబాదులో కాంక్రీటు పని ఇడిచిపెట్టి, రాత్రి బస్సెక్కి వచ్చిండు. కొడుకును చూసి మళ్ల రాత్రికే పోయిండు. పాలమూరు లేబరు అని దేశమంతా మనకు పేరు పెట్టింది. ఆ లేబరు కొడుకు ఇయ్యాల మైకు ముందు నిలబడ్డడు. ఇది చిన్న సంగతి కాదు.

మన తాతలకు ఈ భాగ్యం లేకుండె. నిజాం కాలంలోనే నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల దిక్కు బాప్టిస్టు, మెన్నొనైట్ మిషనోళ్లు బడులు పెట్టిండ్రు. హైదరాబాదులో మన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, తర్వాత ఆది హిందువుల పిల్లలకు బడులు నడిపిండు. పలక పట్టుకుంటే కొట్టిన ఊర్లలో పలక ఇచ్చినోళ్లను మనం మరువం. కానీ మరువకపోవుడు వేరు, అడగకపోవుడు వేరు. ఇయ్యాల మూడు సంగతులు అడుగుదాం. ఒకటి మనల్ని మనం, ఒకటి సర్కారును, ఒకటి ఈ బడిని.

మొదటిది మనది. వానాకాలం నడుమ వచ్చి చూడండి, ఈ బడిలో వెనక బెంచీలు ఖాళీగ ఉంటయి. పిల్లలు యాడ వోయిండ్రు? సీడు పత్తి చేనుకు. గద్వాల దిక్కు ఆ పని సంగతి మీకు నేను చెప్పాల్నా? సాయంత్రం మొగ్గ గిల్లుడు, పొద్దున పుప్పొడి అద్దుడు. చెట్టు ఎత్తుకు పిల్లలైతే సరిపోతరని, చిన్న చేతులు మొగ్గను నలపవని రైతు అంటడు. పంట ఎక్కకముందే అడ్వాన్సు చేతిల పెడ్తరు. అది తీసుకున్న నాడే బిడ్డ పేరు బడిలోంచి సగం కొట్టేసినట్లు. 2016లో చట్టం సవరించిండ్రు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలో పెట్టినా నేరమే. సొంత ఇంటి పనికి మాత్రం బడి అయినంక, సెలవుల్లో సాయం చేయొచ్చన్నరు. పరాయి చేనుకు ఆ సాకు చెల్లది. 2011 లెక్కల్లో ఈ గద్వాల ప్రాంతంలో చదువొచ్చినోళ్లు నూటికి యాభై మంది కూడ లేరు. ఆ కంపెనీల దళారీని మన దిక్కు ఏమంటరు? ఆర్గనైజర్ అంటరు. మనం కూడ ఆర్గనైజర్లమే. ఆయన పిల్లలను చేనుకు పోగు చేస్తే, మనం బడికి పోగు చెయ్యాలె. అడ్వాన్సు తీసుకోకుండ ఇల్లు గడవాలంటే పెద్దోళ్ల కూలి పెరగాలె. ఆ కొట్లాట సంఘంది, పిల్లగానిది కాదు.

రెండో సంగతి సర్కారుది. ఇది మెల్లగ చెప్పాలె, ఎందుకంటే ఇండ్లల్ల గుసగుసలే తప్ప బయట ఎవరూ మాట్లాడరు. బడిలో చేర్పించేటప్పుడు రిజిస్టరులో రెండు గడులు ఉంటయి. ఒకటి కులం, ఒకటి మతం. ఆ రెండో గడి దగ్గర మన తండ్రుల చెయ్యి ఆగిపోతది.

ఒక ఇంటి ముచ్చట చెప్త. ఊరి పేరు అడగొద్దు, చెప్తే ఒక కొలువు పోతది. ఆ ఇంట్ల ఇద్దరు పిల్లలు, అక్క, తమ్ముడు. ఇద్దరికీ ఒకటే గుడిలో జ్ఞానస్నానం. అక్కను చేర్పించిన నాడు తండ్రి ఉన్నదున్నట్లు చెప్పిండు: మాదిగ, క్రైస్తవం. తమ్మున్ని చేర్పించే నాటికి ఎవరో చెవిలో ఊదిండ్రు. ఈసారి మాదిగ, హిందూ అని రాయించిండు. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరు కాయిదం మీద రెండు కులాలైరి. అక్క బీసీ-సీ, తమ్ముడు ఎస్సీ. బీసీ-సీకి ఉన్నది ఒక్క శాతం. అంటే వంద కొలువుల రోస్టరులో ఒక్క పాయింటు. తమ్మునికంటే బాగ చదివిన అక్క ఆ ఒక్క పాయింటు కోసం చూసి చూసి వయసు దాటింది. తమ్మునికి కొలువొచ్చింది. తల్లి సచ్చిన నాడు సమాధి మీద సిలువ పెడుతుంటే, ఆ తమ్ముడు తుమ్మచెట్టు కింద దూరంగ నిలబడ్డడు. ఎవడన్న ఫోటో తీసి కలెక్టరుకు అర్జీ పెడ్తడని భయం. కన్నతల్లి మీద పిడికెడు మన్ను వెయ్యలేకపోయిండు.

తప్పు ఎవరిది? తమ్మునిదా? తండ్రిదా? నేనంట, ఆ గడిది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా, హిందువు కానోడు షెడ్యూల్డు కులం కాడన్నది. 1956లో సిక్కు దళితులను చేర్చిండ్రు. బాబాసాహెబు 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం తీసుకుంటే, ఆయన వెంట నడిచినోళ్లను చేర్చేటందుకు 1990 దాక ముప్పై నాలుగేండ్లు పట్టింది. క్రైస్తవ దళితులు, ముస్లిం దళితులు ఇయ్యాల్టికీ బయటనే.

మద్రాసులో సూసై అని ఒక చెప్పులు కుట్టే అన్న ఉండె. రోడ్డు పక్కన ఎండల కూసొని కుట్టెటోడు. సర్కారు మన కులపోళ్లకు బంకులు ఉత్తగ ఇచ్చింది. సూసైకి ఇయ్యలే, క్రైస్తవుడని. సుప్రీంకోర్టు దాక పోయిండు. మతం మారినంక కూడ కులం బాధ అదే తీరుగ ఉన్నదని రుజువు లేదని 1985లో కోర్టు కొట్టేసింది. చేతిలో అదే ఆరె, ఒడిలో అదే తోలు. ఇంకేం రుజువు కావాలె? రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడో పేరా తీసెయ్యమన్నది. తియ్యలే. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసిండ్రు. 2024 నవంబరులో ఒక పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవంలో నడుచుకుంట కొలువు కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేసుడే అన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవుడైనోనికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. తిట్టెటోడు బైబిలు చూసి ఆగుతడా? వాడు వాడనే చూస్తడు.

మనోళ్లు కొందరు అంటరు, వర్గీకరణ వచ్చింది కద, ఇంకేం కావాలె అని. 1994 నుంచి దండోరా కొట్టి కొట్టి, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో సాధించినం. మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం. గొప్ప గెలుపు. కానీ ఆ అక్కకు అండ్ల భాగం లేదు. దండోరా మోసిన భుజాలలో ఆమె భుజం కూడ ఉండె.

మరి మనమేం చెయ్యాలె? అబద్ధం రాయమని నేను చెప్పను. దళారీని నమ్మి దొంగ కాయిదం తెచ్చుకోవద్దు, ముప్పై ఏండ్ల తర్వాత కూడ అది కొలువు మింగుతది. ఒకటో తరగతిలో రాసిందే టీసీలకెక్కుతది, ఆడికెళ్లి అన్ని కాయిదాలకూ ఎక్కుతది. అందుకే చేర్పించే నాడే ఆలుమగలు కూసొని ఆలోచించి రాయించండి. క్రైస్తవమని రాయించినోళ్లు మీసేవలో బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకోండి, ఏం రాదని ఊకోకండి. 1977లోనే రాష్ట్ర ప్రభుత్వం, చట్టబద్ధం కాని కొన్ని రాయితీలు మతం మారిన ఎస్సీలకు కూడ ఇస్తమని జీవో తెచ్చింది. దాని నంబరు 341. ఆఫీసులో ఆ నంబరు పట్టుకొని అడగండి. ఇంకో మాట. హిందువని రాయించినోన్ని గుడిలో ఎత్తిపొడవొద్దు. క్రైస్తవమని రాయించినోన్ని సంఘంలో పరాయోన్ని చెయ్యొద్దు. ఆ గడి పెట్టినోడు మనం కొట్లాడుకోవాలనే పెట్టిండు.

మూడో సంగతి ఈ బడిది. సిస్టరమ్మలు కోపం చేసుకోవద్దు. రాజ్యాంగం 30వ అధికరణం కింద ఇది మైనారిటీ బడి. విద్యాహక్కు చట్టం కింద పేదపిల్లలకు ఇయ్యాల్సిన 25 శాతం సీట్లు మైనారిటీ బడులకు వర్తించవని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. నేనడిగేది ఒక్కటే. ఆ మైనారిటీ ఎవరు? తెలుగునాట కథోలికులలో ఎక్కువమంది మనమే కద! మన తలలు లెక్కబెట్టి హక్కు తెచ్చుకున్న బడిలో, ఫీజు కట్టలేక మన బిడ్డే బయట నిలబడితే ఎట్ల? చట్టం అడగకున్నా ధర్మం అడుగుతది. కథోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం తెచ్చి, చర్చిలో కూడ అంటరానితనం ఉన్నదని ఒప్పుకున్నది. 2022లో పూల అంతోని గారు కార్డినల్ అయిండ్రు. దళితులలోంచి ఆ పీఠం ఎక్కిన మొదటి మనిషి. తుంగభద్ర అవతల ఉమ్మడి కర్నూలు జిల్లా బిడ్డ. మనమంతా సంబరపడ్డం. ఆయన రోములో ఎర్రటోపీ పెట్టుకున్నడు, మంచిదే. మన వాడ పిల్లకు ఈ బడిలో బెంచీ దొరకాలె. అప్పుడే ఆ సంబరం పూర్తి.

ఇయ్యాల మూడు తీర్మానాలు రాసుకొని పోదాం. సీడు చేనుకు ఈ వాడ నుంచి ఒక్క పిల్ల పోవద్దు. బడిలో ఫీజు లేని సీట్లు ఎన్ని, ఎవరికి అని ప్రతి జూన్‌లో గోడ మీద రాయాలె. మూడో పేరా తియ్యమని ఊరూరి నుంచి సంతకాలు పోవాలె. ఆ సంతకాలు మొదలు హిందువని రాయించినోళ్లే పెట్టాలె, ఎందుకంటే వాళ్లకే ఆ భయం తెలుసు.

ఆ తమ్ముడు ఒకనాడు చెట్టు కిందినుంచి నడిచొచ్చి, తల్లి సమాధి మీద మన్ను వెయ్యాలె. ఎవరికీ భయపడకుండ. మన కొట్లాట గంతే.

జై భీం.