మంచుబండి కుక్కలు - మన జవాన్లు

మనది రైల్వే ఊరు గనక రైలుతో మొదలయ్యే కథే చెబుతాను.

1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా వచ్చింది. మందు రైల్లో నెనానా దాకా చేరింది. అక్కణ్ణుంచి నోమ్ వైపు పట్టాల్లేవు, అంతా మంచే. కుక్కలు లాగే స్లెడ్జి బండ్ల మీద 20 మంది చేతులు మార్చుకుంటూ 674 మైళ్లు తీసుకెళ్లి, అయిదున్నర రోజుల్లో, ఫిబ్రవరి 2న అందించారు. ఇప్పుడు ఆ నోమ్‌కే యాంకరేజ్ నుంచి ఇడిటరాడ్ అనే సుమారు వెయ్యి మైళ్ల కుక్కబండ్ల పందెం ఉంది. అది 1973లో మొదలైంది.

చివరి 53 మైళ్లు నడిపించిన కుక్క బాల్టో. దానికి అదే ఏడాది న్యూయార్కులో విగ్రహం పెట్టారు. అందరికంటే ఎక్కువగా 91 మైళ్లు, అదీ గడ్డకట్టిన సముద్రం మీదుగా నడిపించింది పన్నెండేళ్ల టోగో. దానికి అప్పట్లో అంత పేరు రాలేదు.

నేను మంచు పోస్టులో ఉండగా కిరోసిన్ డబ్బా వస్తే, తెచ్చినవాడికి శభాష్ అనేవాణ్ణి. కిందనుంచి మోసినవాళ్ల పేర్లు ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మీ ఇంట్లో ఫౌజీ పెద్దలుంటే పతకం సంగతి తరవాత, వాళ్ల పక్కన నడిచినవాళ్ల పేర్లు అడిగి రాసిపెట్టండి.

జైహింద్.