చీకటిలో దీపము వెలిగించు విద్య



ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట అవివేకమని పెద్దలు చెప్పుదురు. బావి ముందే త్రవ్వియున్నను, చేదత్రాడు చివికియున్నచో ఫలమేమి? ఆపద్రక్షణకై అమర్చిన యంత్రముల విషయమునను ఈ ప్రశ్నయే ముఖ్యము.

భూపాలపల్లికి చేరువనున్న చెల్పూరులో కాకతీయ తాపవిద్యుత్కేంద్రము కలదు. 500, 600 మెగావాట్ల శక్తిగల యూనిట్లు రెండు అందున్నవి. ఇంత కరెంటు పుట్టించు కేంద్రము సైతము, చుట్టును విద్యుత్తు పూర్తిగా ఆగినచో, తనంతట తాను లేవజాలదు. బొగ్గును పొడిచేయు మరలకును, బాయిలరులోనికి నీరు నెట్టు పంపులకును, గాలి విసరు పెద్ద పంకాలకును మొదట వెలుపలినుండి విద్యుత్తు రావలయును.

2012 జూలై 30, 31 తేదీలలో ఇట్టి విపత్తు ఉత్తర భారతమును ముంచెను. రెండవనాడు తూర్పు, ఈశాన్య ప్రాంతముల విద్యుద్వలయములును కూలి, సుమారు 60 కోట్లమంది నివసించు ప్రాంతమున కరెంటు పోయెను. రైళ్లు ఆగెను. పశ్చిమ బెంగాలు గనులలో సుమారు 200 మంది కార్మికులు చిక్కుకొని, పిదప క్షేమముగా వెలికి వచ్చిరి. వలయమున ఆవర్తనము సెకనుకు 50కి మిక్కిలి తగ్గినపుడు కొంత భారమును తమంత తామే తెంచివేయుటకు రిలేలను యంత్రములుండును. వానివలన ఆనాడు కావలసినంత ఉపశమనము లభింపలేదని విచారణ సంఘము తేల్చెను. త్రాడు ఉండెను; బరువు మోయలేదు!

దక్షిణ వలయము అప్పటికి వేరుగా నుండుటచే తప్పించుకొనెను. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు తీగలతో దేశమంతయు ఒకే వలయమయ్యెను. ఇపుడు సాయమును, ఆపదయును ఉమ్మడివి. జనగామ, మహబూబాబాదుల మీదుగా పోవు విద్యుత్ రైళ్లకును, భూపాలపల్లి గనులకును, పొలములలోని బోరుబావులకును ఇందు పాలు కలదు.

కూలిన వలయమును లేపుట జలవిద్యుత్కేంద్రముతో మొదలగును. నీటిబలముచే తిరుగు టర్బైనును చిన్న డీజిలు జనరేటరు సాయముతో మేల్కొల్పవచ్చును. అందు పుట్టిన విద్యుత్తు ఒక తీగమార్గమున తాపకేంద్రమునకు చేరును. పిమ్మట ఊళ్లకు కొద్దికొద్దిగా ఇచ్చెదరు. ఒక్కుమ్మడిగా భారము వేసినచో లేచినది మరల కూలును.

దీనిని పరీక్షించుటకై దేశమును చీకటి చేయరాదు గదా! కావున రిలేను వలయమునుండి వేరుచేసి, కృత్రిమ సంకేతమునిచ్చి, సకాలమున కదలునో లేదో చూతురు. ఒక జలకేంద్రమును, ఒక మార్గమును, కొద్ది భారమును ప్రత్యేకించి, తక్కిన ప్రజలకు వెలుగు చెడకుండ అభ్యాసము జరుపుదురు. 2010 నాటి విద్యుద్వలయ నియమావళి ఇట్టి అభ్యాసమును ఆరునెలలకొకసారి విధించెను. డీజిలు జనరేటర్లను వారమునకొకసారి నడిపి చూడుమనెను.

ఆదుకొనువానికిని ఆపద రావచ్చును. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రమున అగ్నిప్రమాదము సంభవించి తొమ్మిదిమంది అసువులు బాసిరి. కావున ఆధారము ఒక్కటే యుండరాదు. ఏ పరీక్షయందైనను పనివాని ప్రాణరక్షణయే తొలి నియమము కావలయును.

పరీక్షలో బయటపడిన లోపమును అవమానముగా నెంచి దాచరాదు. దానిని వ్రాసియుంచి, రేపటి పనివానికి అందింపవలయును. ఒకరు నేర్చినదానిని మరియొకరికి అందించుటయే ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న సేవ. గ్రామస్థులును చేదత్రాడును వేసవికి ముందే లాగి చూతురు గాక!