వాన కాలవకు కాపలా ఎవరు?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కాలవ అనగానే మనకందరికీ ఒకటే కాలవ గుర్తొస్తుంది. బోకులు తోమిన నీళ్ళూ, వాన నీళ్ళూ అన్నీ దాంట్లోకే పోతాయనుకుంటాం. నిజానికి ఇవి రెండూ వేరు. ఇంట్లోని మురుగు గొట్టాల గుండా శుద్ధి చేసే చోటికి పోవాలి. వాన కాలవకు అట్లాంటి ఏర్పాటేమీ లేదు. వీధిలో పడిన నీళ్ళు ఎట్లా పడినవి అట్లాగే వంకలోకి, చెరువులోకి, ఏటిలోకి పోతాయి. మధ్యలో వడగట్టే గుడ్డ కూడా ఉండదు. అందుచేత వాన కాలవలో ఎవరేది పోసినా ఏట్లో పోసినట్టే లెక్క.

మన తిరుపతి కొండ కింది ఊరు. శేషాచలం మీద కురిసిన వాన కపిలతీర్థం దగ్గర దూకి, ఊళ్ళోని కాలవల వెంబడి స్వర్ణముఖి వైపు సాగుతుంది. ఆ ఏరు శ్రీకాళహస్తి గుడి పక్కగా పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఊరు పెరిగేకొద్దీ గుంటలు పూడిపోయి, తాతయ్యగుంట, కొరమేనుగుంట అని పేటల పేర్లు మిగిలాయి. చిత్తూరు వాన నీళ్ళు నీవా నదిలో పడి, పొన్నై మీదుగా పాలారు చేరి తమిళనాడుకు పోతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లయి పారినప్పుడు, ఇళ్ళలోకి వచ్చింది వాన నీరొక్కటే కాదు. కాలవల్లో అన్నాళ్ళూ పేరుకున్నదంతా వచ్చింది. కడుక్కున్న ఇల్లాళ్ళకు ఆ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు.

మన సీమలో ఏడాదిలో ఎక్కువ నెలలు వంకలు ఎండే ఉంటాయి. ఎండిన వంకే గదా అని దాంట్లో ఏదైనా వెయ్యవచ్చుననుకుంటారు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ఈ మాట ఒప్పుకోదు. పారుతున్నా, ప్రస్తుతానికి ఎండి ఉన్నా నీటి దారి నీటి దారేనని అందులో స్పష్టంగా రాశారు.

చట్టం సరే, చూసేదెవరు? అర్ధరాత్రి ఒక ట్యాంకరు సెప్టిక్ మురుగును వంకలో వదిలి పోయిందనుకోండి. తెల్లవారి పదిన్నరకు వచ్చే ఆఫీసరుకు తడి నేల తప్ప ఏమీ కనబడదు. ఐదు గంటలకే చీపురు పట్టుకొని వచ్చే ఆమెకు అన్నీ కనబడతాయి. నీళ్ళు వదిలే మనిషికి, వీధి దీపాలు బాగుచేసే అతనికి, చెత్త బండి డ్రైవరుకు కనబడతాయి. అమెరికాలో 1987లో నీటి చట్టాన్ని సవరించి పట్టణాల వాన కాలవలనూ దాని కిందికి తెచ్చారు. 1999లో చిన్న పట్టణాలకు చేసిన నియమాల్లో మునిసిపల్ ఉద్యోగులకు తర్ఫీదు ఇవ్వడాన్ని కూడా చేర్చారు. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో కార్పొరేషన్లయ్యాయి. ఈ తర్ఫీదు మనకూ కావలసిందే. ఇదేమీ పెద్ద చదువు కాదు. కళ్ళూ ముక్కూ ఉంటే చాలు.

మొదటి గుర్తు, ఎండనాడు పారే నీళ్ళు. మూడు దినాలు చినుకు లేకపోయినా వాన కాలవ పారుతుంటే, ఆ నీళ్ళు ఎక్కడివని అడగాలి. కొళాయి గొట్టం పగిలి ఉండవచ్చు, మురుగు కలుస్తుండవచ్చు. రెండూ చెప్పవలసినవే.

రెండోది రంగు. పాలలాగా తెల్లగా ఉంటే సిమెంటు కడిగిన నీళ్ళో, గ్రానైటు కోసిన నీళ్ళో, రంగులు వేసినవాళ్ళు బ్రష్షులు కడిగిన నీళ్ళో అయి ఉండవచ్చు.

మూడోది వాసన. కుళ్ళిన కోడిగుడ్డు వాసన మురుగుకు గుర్తు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు తీసే కాలంలో పులిసిన తీపి వాసన వస్తే దాన్నీ వదలకూడదు. పండు రసమే గదా, ఏం చేస్తుందనుకోవద్దు. అది కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. చెరువులో చేపలు తేలతాయి.

నాలుగోది నురుగూ, నూనె తెట్టూ. నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు కనబడితే పుల్లతో కదిపి చూడాలి. పలకలుగా విరిగిపోతే అది ఇనుము ఉన్న నీటిలో సహజంగా పుట్టే తెట్టు కావచ్చు. చెదిరి మళ్ళీ కలిసిపోతే నూనె.

చూడటం వరకే వాళ్ళ పని. చేత్తో ముట్టుకోకూడదు, మూత తీసి లోపలికి దిగకూడదు. లోపలి విషవాయువు ఒకరిని పడగొడితే, కాపాడబోయిన రెండోవారినీ పడగొడుతుంది. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను అందులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. తర్ఫీదులో మొట్టమొదట చెప్పవలసింది ఇదే.

ఆ తర్వాత ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ రంగు, ఏ వాసన, ఎటు నుంచి వస్తోంది అన్న ఐదు ముక్కలు చెప్పగలిగితే చాలు. రాయడం రానివాళ్ళు ఫోనులో ఫొటో తీసి, నోటితో చెప్పవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మా వీధి చిమ్మే ఆమెను ఒకనాడు అడిగాను, ఇట్లాంటివి మీకు కనబడవా అని. "కనబడకేంమా, దినామూ చూస్తానే ఉండాము. చెప్తే ఎవురి మీద చెప్పినట్టు? రేపు మా పని ఉంటాదా?" అంది. ఆ కాలవలోకి నీళ్ళు వదిలేది ఏ పెద్ద లాడ్జీవారో, ఏ కల్యాణమండపంవారో అయితే, కాంట్రాక్టు కింద పనిచేసే ఆడమనిషి నోరెట్లా విప్పుతుంది? చెప్పినవారి పేరు బయటికి రాదని ఆఫీసువాళ్ళు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. చెప్పిన తర్వాత ఏం చేశారో ఆమెకు తిరిగి చెప్పాలి. ఈ రెండూ లేని తర్ఫీదు టీ, బిస్కెట్లతో ముగిసిపోతుంది.

మన వంతు కూడా ఉంది. వేపుడు చేసిన నూనెను కాలవలో పోయకుండా పాత కాగితానికి పట్టించి చెత్తలో వేద్దాం. రంగు డబ్బాలు, పాచి నీళ్ళ బక్కెట్లు వీధి కాలవ మీద బోర్లించవద్దు. 2019లో మన రాష్ట్రంలో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు పారిశుధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి అని ఒక ఉద్యోగాన్ని ఏర్పాటు చేశారు. ఆ పని ఇప్పుడు మీ వార్డులో ఎవరు చూస్తున్నారో తెలుసుకోండి. మీ వీధి చిమ్మే ఆమెతో రెండు మాటలు మాట్లాడండి. తాను చూసినదాన్ని చెప్పడానికి ఆమె భయపడితే, ఆ మాట మీరు చెప్పండి. చెప్పినందుకు మన ఉద్యోగం ఎవరూ తీసెయ్యలేరు గదా!